యౌవనస్థుల పరిచారకుని భార్య: ఆమె పిలుపు, ఆమె వివాహము, సంఘము యొక్క బాధ్యత

ఉపోద్ఘాతము

కాపరి బాధ్యతలను గూర్చి మన భాషలో వ్యాసములు అనేకము వెలువడినవి. కాపరి భార్యను గూర్చి వ్రాసినవి కొద్ది. యౌవనస్థుల మధ్య పనిచేయు పరిచారకుని భార్యను గూర్చి వ్రాసినవి మా కంటబడినంతలో ఇంకను కొద్ది. సంఘ వార్షిక నివేదికలో ఆమె ప్రస్తావన చివరి పేరాలో, కృతజ్ఞతలు తెలుపు వాక్యములో మాత్రమే కనిపించును. ఆమె జీవితమును, వివాహమును లేఖనముల వెలుగులోను, మన ప్రాంత సంఘ చరిత్ర వెలుగులోను ఈ వ్యాసములో పరిశీలింపగోరుచున్నాము.

విజయవాడ నుండి ఏలూరు పోవు జాతీయ రహదారిని నూజివీడు, గుడివాడ మార్గములు కలియుచోట హనుమాన్ జంక్షన్ ఉన్నది. నాలుగు దిక్కుల బస్సులు వచ్చి ఆగు ఊరు గనుక చుట్టుప్రక్కల గ్రామముల యౌవనస్థులు చదువుకో, పనికో, ప్రయాణమునకో ఇక్కడికి వచ్చి పోవుచుందురు. మేము యౌవన కాలమందు ఈ ప్రాంత సంఘములలో యౌవనస్థుల పరిచారకునిగా ఏడు సంవత్సరములు పనిచేశాము. ఇందులో వ్రాసిన దానిలో కొంత గ్రంథములలో నేర్చుకొన్నది, కొంత మా తప్పిదముల వలన నేర్చుకొన్నది.

మేము చెప్పదలచినది ఇది: సంఘము భర్తను నియమించినప్పుడు భార్యను నియమించలేదు, అయినను ఆమె పనిని లెక్కలోనికి తీసికొనుచున్నది. ఆమె మొదట ఒక విశ్వాసి, పిమ్మట ఒకరి భార్య. పరిచారకురాలగుట ఆమె తన స్వంత పిలుపును బట్టి తానే ఒప్పుకొనవలసిన సంగతి. ఆమె వివాహమును ఖర్చుపెట్టి నడుపు యౌవనస్థుల పరిచర్య, తాను బోధించుదానిని తానే కొట్టివేయుచున్నది.

1. పేరులేని నియామకము

కాపరి భార్యకును, యౌవనస్థుల పరిచారకుని భార్యకును కొన్ని భేదములు గలవు. కాపరికి సాధారణముగా సంఘము కట్టించిన నివాసము ఉండును. యౌవనస్థుల పరిచారకుడు తరచుగా అభిషేకము పొందనివాడు, గౌరవ వేతనము మీద పనిచేయువాడు, అద్దె యింటిలో ఉండువాడు. కాపరి యింటికి పెద్దలు పగటివేళ వచ్చి పోవుదురు. యౌవనస్థులు కాలేజీ విడిచిన తరువాత, దుకాణము కట్టిన తరువాత, రాత్రివేళ వచ్చెదరు. వారు తలుపు తట్టి రారు. తమ అన్న యిల్లు అనుకొని వచ్చెదరు. అది వారి ప్రేమకు గుర్తే గాని, ఆ యింటిలో ఒక స్త్రీ దినమంతయు పనిచేసి అలసియున్నదని ఆ వయస్సులో వారికి తోచదు.

అన్నిటికంటె పెద్ద భేదము కాలమును గూర్చినది. ఇతరులకు ఏది సెలవు దినమో యౌవనస్థుల పరిచారకునికి అదే పనిదినము. ఆదివారము కూటము, సంక్రాంతి సెలవులలో యువజన సదస్సు, మే నెలలో వి.బి.ఎస్., తరువాత వేసవి శిబిరము, డిసెంబరు మాసమంతయు క్రిస్మస్ క్యారల్స్, 31వ తేదీ రాత్రి ఆరాధన. భార్య పాఠశాలలో ఉపాధ్యాయినియైతే ఆమెకు తీరిక దొరుకు దినములన్నియు ఆయన ఇల్లు విడుచు దినములే. ఇద్దరును కష్టపడి పనిచేయుచు, ఇద్దరును మంచివారైయుండి కూడ, సంవత్సరమునకు పది పూటలు కలిసి కూర్చుండలేని స్థితి ఈ విధముగా ఏర్పడును. ఇది ఎవరి దుష్టత్వము వలన కలిగినది కాదు. పని అమరిక వలన కలిగినది. గనుక ప్రార్థనతోపాటు పని అమరికను కూడ మార్చవలసియున్నది.

ఆమె వంటగదిని గూర్చియు చెప్పవలెను. ఇరువదిమందికి టీ అనగా పాల ప్యాకెట్లు, పంచదార, గ్యాసు. అవి సంఘ జమాఖర్చుల పుస్తకమునకు ఎక్కవు. కిరాణా కొట్టు పద్దులో ఆమె పేరున నిలిచియుండును. ఆతిథ్యము క్రైస్తవ సద్గుణమే. అయితే ఒకరి ఆతిథ్యమును మరియొకరు వాగ్దానము చేయుట సద్గుణము కాదు.

ఇక పిలుపు. ఇరువది రెండేండ్ల వయస్సున పెండ్లియై వచ్చిన ఆమెను, ఆమె యీడువారే మరునాటినుండి “అమ్మగారు” అని పిలిచెదరు. గౌరవముతోనే పిలిచెదరు. కాని పుట్టింట పేరుపెట్టి పిలిపించుకొన్న పిల్లకు, ఈ ఊరిలో పేరుపెట్టి పిలుచువారు ఒక్కరును లేకపోవుదురు. తన దుఃఖమును సంఘస్త్రీలతో చెప్పుకొనిన అది భర్త పరిచర్యకు మాట తెచ్చును. పుట్టింట చెప్పుకొనిన తల్లిదండ్రులు బెంగపడుదురు. కాపరితో చెప్పుకొనవలెనన్న ఆయన తన భర్తకు పై అధికారి. అందరికిని కాపరి ఉండగా ఆమెకు కాపరి ఎవరు? మా అనుభవములో ఈ ప్రశ్నను సంఘములు అడుగుట అరుదు.

2. లేఖనములు చూపు మార్గము

క్రొత్త నిబంధనలో అధ్యక్షునికి, పరిచారకునికి ఉండవలసిన లక్షణములు వివరముగా ఉన్నవి (1 తిమోతి 3). అధ్యక్షుని భార్య చేయవలసిన పనుల పట్టిక మాత్రము ఎక్కడను లేదు. ఆ పట్టికను వ్రాసినది మన ఆచారమే. అదే అధ్యాయములో, తన యింటిని చక్కపెట్టుకొనలేనివాడు దేవుని సంఘమును ఎట్లు చూచుకొనగలడని అపొస్తలుడు ప్రశ్నించుచున్నాడు (3:5). గృహమును పరిచర్య పూర్తియైన తరువాత మిగిలిన సమయముతో నడుపుకొనవలసినదిగా పౌలు ఎంచలేదు. పరిచర్యకు అర్హత నిచ్చునదిగా ఎంచెను.

1 కొరింథీయులకు 7:33ను మనము తరచుగా ఫిర్యాదుగా చదివెదము. పెండ్లియైనవాడు భార్యను సంతోషపెట్టుటను గూర్చి చింతించునని పౌలు అక్కడ చెప్పుచున్నాడు. అది వివాహితుని యథార్థ స్థితి. ఆ చింత లేకుండ వివాహితుడైయుండగోరువాడు అవివాహితుని స్వేచ్ఛను, వివాహితుని సౌఖ్యమును రెండింటిని ఆశించుచున్నాడు. అదే అధ్యాయము 5వ వచనములో ప్రార్థన నిమిత్తము దంపతులు ఎడబాటుగా ఉండుటకు సహితము ఇద్దరి సమ్మతి కావలెననియు, అది కొంతకాలమునకే పరిమితమై ఉండవలెననియు నియమము కనబడుచున్నది. ప్రార్థనకే ఇంత నియమముండగా క్రికెట్ టోర్నమెంటుకు, సంగీత సాధనకు, శిబిర ఏర్పాట్లకు ఒక్కరి నిర్ణయము ఎట్లు చాలును?

ద్వితీయోపదేశకాండము 24:5 ప్రకారము క్రొత్తగా పెండ్లియైనవానిని ఒక సంవత్సరము సేనలోనికి పంపకూడదు. అతడు ఇంట ఉండి భార్యను సంతోషపెట్టవలెను. యుద్ధమునకు మినహాయింపు ఇచ్చిన దేవుడు వేసవి శిబిరమునకు ఇయ్యడా?

నిర్గమకాండము 18వ అధ్యాయమును నాయకత్వ పాఠముగా బోధించునప్పుడు మనము పనిని పంచుకొనమన్న యిత్రో సలహాతో ఆరంభించెదము. కాని ఆ అధ్యాయము మొదలగునది వేరొక సంగతితో. మోషే పంపివేసియుండిన సిప్పోరాను, ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని యిత్రో అరణ్యమునకు వచ్చెను. మామ మొదట అల్లుని కుటుంబమును అల్లునియొద్దకు చేర్చెను. మరునాడు, ఉదయము మొదలు సాయంకాలమువరకు ఒంటరిగా తీర్పు తీర్చు ఆ పద్ధతిని తప్పుపట్టెను. ఈ రెండును ఒకే మనుష్యుడు, ఒకే ప్రయాణములో చేసిన పనులు. మన పరిచారకుల మామగారలలో ఎందరు ఈ మాట చెప్పగోరి, దైవజనునితో ఏమందుమని ఊరకుండిరో!

మరియొక ప్రక్క ప్రిస్కిల్ల ఉన్నది. ఆమెయు అకులయు కలిసి డేరాలు కుట్టిరి, కలిసి అపొల్లోకు దేవుని మార్గమును విశదపరచిరి (అపొ. కా. 18:26). ప్రాచీన గ్రీకు ప్రతులను బట్టి, క్రొత్త నిబంధనలో వీరి ప్రస్తావన ఆరు పర్యాయములు రాగా నాలుగింటిలో ఆమె పేరే ముందున్నది. పౌలు ఆమెను అకుల భార్యగా కాక తన జతపనివారిలో ఒకరిగా ఎంచెను (రోమా 16:3). గనుక భార్య పరిచర్య చేయకూడదని మేము చెప్పుటలేదు. చేయు యెడల ఆమె ప్రిస్కిల్లవలె తన పేరుతో, తన వరముతో చేయవలెను.

3. మన ప్రాంత సంఘ చరిత్రలో

కృష్ణా ప్రాంతములో సి.ఎం.ఎస్. పని 1841లో మచిలీపట్నమున ఆరంభమైనది. వచ్చినవారు ఇద్దరు యువకులు, రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్. నోబుల్ అవివాహితుడు. బాలుర విద్యకు తన్ను తాను అర్పించుకొని, 1843లో పాఠశాల తెరచి, 1865లో మచిలీపట్నములోనే మరణించెను. నేటి నోబుల్ కళాశాల ఆయన పేరు నిలుపుచున్నది. ఫాక్స్ వివాహితుడు. ఆయన భార్య ఎలిజబెత్ 1845లో మరణించెను. ఫాక్స్ తాను 1848లో ముప్పది యొకటవ యేట స్వదేశములో మరణించెను. తరువాత ఏలూరులో 1854లోను, బెజవాడలో 1858లోను మిషను కేంద్రములు ఏర్పడినవి. హనుమాన్ జంక్షన్ ఈ రెంటి మధ్యనే ఉన్నది. నోబుల్ పేరు మన పిల్లలకు తెలియును. ఎలిజబెత్ ఫాక్స్ పేరు మన వేదాంత విద్యార్థులకు సహితము తెలియదు. ఒంటరివానికి కావలసినంత సమయము దొరికినది. వివాహితుని యింట మొదట మూల్యము చెల్లించినది భార్య. ఇద్దరిలో ఎవరు గొప్ప అని మేము అడుగుటలేదు. ఆ మూల్యమును సంఘము జ్ఞాపకముంచుకొనవలెనని అడుగుచున్నాము.

యౌవనస్థుల పరిచర్యకు సరిగా సరిపడు దృష్టాంతము బిషప్ వి.ఎస్. అజరయ్యగారి గృహము. దోర్నకల్ బిషప్పుగా ఆయనను అందరును ఎరుగుదురు. అంతకు పూర్వము 1895 మొదలుకొని ఆయన వై.ఎం.సి.ఎ. కార్యదర్శి, అనగా యౌవనస్థుల మధ్య సంచరించి పనిచేయువారు. ఆ ఉద్యోగములో ఉండగనే 1898లో అన్బు మరియమ్మాళ్‌గారిని వివాహమాడిరి. ఆమె దక్షిణ భారతదేశములో కళాశాల విద్యనభ్యసించిన మొదటి క్రైస్తవ స్త్రీలలో ఒకరు. నాటి ఆచారమును కాదని కట్నము పుచ్చుకొనక వివాహము జరిగినది. భర్త 1903లో తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపనలోను, 1905లో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపనలోను ముఖ్యులు. 1909లో ఆ కుటుంబము తమిళ దేశమును విడిచి, వేరు భాషగల దోర్నకల్ చేరినది. 1912 డిసెంబరు 29న ఆయన అభిషేకముతో అన్బుగారు మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు సతీమణి అయినారు. దోర్నకల్ అధ్యక్ష మండలములో స్త్రీల మధ్య జరిగిన పనిలో ఆమె చదువు, ఆమె వరము ఉపయోగపడినవి. అక్కడి వేదాంత శిక్షణలో అభ్యర్థుల భార్యలకును పాఠములుండెడివి. భార్యనుండి పని ఆశించినట్లయితే ఆమెకు విద్యయు ఇయ్యవలెనని నాటివారు గ్రహించిరి.

కట్నమును గూర్చి ఒక మాట. 1961 వరకట్న నిషేధ చట్టము వచ్చి ఆరు దశాబ్దములు దాటినది. అయినను మన డెల్టాలో పెండ్లిచూపులలో ఆ ప్రసక్తి రాకమానదు. కట్నమునకు విరోధముగా బోధించిన యౌవనస్థుల పరిచారకుడు తన వివాహములో “లాంఛనములు” అనుపేర దానినే పుచ్చుకొనిన యెడల, యౌవనస్థులకు ఆ సంగతి ప్రసంగముకంటె ముందే చేరును. అట్టి యింట భార్య మొదటి దినమునుండియు, ఆయన బోధకును ఆయన జీవితమునకును మధ్యనున్న ఎడమును మోయుచుండును.

విదేశమునుండి ఒక దృష్టాంతము. మన సంఘములలో అనేకులెరిగిన క్రిస్టియన్ ఎండెవర్ సమాజము 1881 ఫిబ్రవరి 2న అమెరికాలోని పోర్ట్‌లాండ్ పట్టణమున, విల్లిస్టన్ సంఘ కాపరి ఫ్రాన్సిస్ క్లార్క్‌గారి యింట ఆరంభమైనది. ఆయన భార్య హారియెట్ అంతకు ముందే సంఘ బాలబాలికలతో ఒక చిన్న కూటము నడుపుచుండిరి. లోకమంతట వ్యాపించిన ఉద్యమము ఒక భార్య ముందుగదిలో పుట్టినది. ఉద్యమ స్థాపకుడు అనగానే జ్ఞాపకము వచ్చునది భర్త పేరు మాత్రమే.

4. మా గృహములో జరిగినది

1990వ దశకము చివర మాకు వివాహమైనది. మా సతీమణి ప్రైవేటు పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయిని. రోడ్డుకు దగ్గరలో రెండు గదుల అద్దె యిల్లు. పెండ్లియైన పదకొండవ దినమున మేము వేసవి శిబిరమునకు వెళ్లి అయిదు దినములు తిరిగి రాలేదు. ఆ సంగతిని ఆ దినములలో సాక్ష్యముగా చెప్పుకొనెడివారము.

ఒక రాత్రి ఒక అబ్బాయి ఏదో మనోవేదనతో వచ్చినాడు. వరండాలో కూర్చుండి పదకొండు గంటలు దాటువరకు అతనితో మాట్లాడి లోపలికి వచ్చాము. మా సతీమణి అన్నము మూతపెట్టి కూర్చుండియున్నది. “ఏవండీ, రేపట్నుంచి నేను కూడా మీ యూత్‌లో పేరు రాయించుకుంటాను. అప్పుడన్నా నాతో ఓ పావుగంట మాట్లాడతారు” అన్నది. మేము నవ్వాము. ఆమె నవ్వలేదు. ఆమె నవ్వలేదని మేము గమనించుటకు కొన్ని సంవత్సరములు పట్టినది.

మా యౌవనస్థులలో మిక్కిలి ఆసక్తిపరుడైన ఒకడు మా తరువాత ఆ పనిని చేపట్టినాడు. అతనికి వివాహమైన మూడేండ్లకు భార్య పుట్టింటికి వెళ్లి తిరిగి రాలేదు. ఇరుప్రక్కల పెద్దలు మా యింట కూర్చున్నారు. భార్య ప్రసవించిన దినమున కూడ అతడు సదస్సులో ఉన్నాడని వారు చెప్పగా మేము అతని గద్దించాము. అతడు కోపముతో గాక నిజమైన ఆశ్చర్యముతో, “అయ్యగారూ, మీరూ ఇట్లాగే ఉండేవారు కదండీ. అమ్మగారు ఎప్పుడూ ఏమీ అనలేదు” అన్నాడు.

మాకు జవాబు దొరకలేదు. వంటగది గుమ్మము దగ్గరనుండి మా సతీమణి, “అన్నాను బాబూ. ఎవరికీ వినబడలేదు” అన్నది.

ఆ దినమున మాకు తెలిసినది ఇది. ఏడేండ్లలో మేము చెప్పిన వర్తమానములలో ఆ యువకునికి ఎన్ని జ్ఞాపకమున్నవో తెలియదు. మా కాపురము మాత్రము అతనికి పూర్తిగా జ్ఞాపకమున్నది. భార్యను ప్రేమించుటను గూర్చి ఎఫెసీయులకు 5వ అధ్యాయమునుండి మేము బోధించినది అతడు విన్నాడు. మేము జీవించినది నేర్చుకొన్నాడు. పెద్దలందరి యెదుటనే మా సతీమణిని క్షమాపణ వేడుకొన్నాము. అతని యెదుటను ఒప్పుకొన్నాము. ఆ దంపతులు తిరిగి ఒక యింటివారగుటకు పది నెలలు పట్టినది.

తరువాత మా యింట నియమము మారినది. సోమవారము సాయంకాలము ఎవరి పనియు పెట్టుకొనము. మరణము సంభవించిననే తప్ప ఆ నియమము తప్పలేదు. సండేస్కూలు నడుపుట తనకు ఇష్టము లేదని మా సతీమణి మొదటిసారి స్పష్టముగా చెప్పినది. అంతవరకు అది ఆమెకు ఇష్టమని మేము ఊహించుకొన్నాము. పదవ తరగతి ఆడపిల్లలకు సాయంకాలము ఉచితముగా లెక్కలు చెప్పుట తనకు ఇష్టమన్నది. ఆ పిల్లలలో క్రైస్తవులు, ఇతరులు ఉండిరి. అది ఏ నివేదికకును ఎక్కలేదు గాని, మా పరిచర్యలో శ్రేష్ఠమైన భాగము అదేనని ఇప్పుడు అనుకొనుచున్నాము.

5. సంఘములు చేయదగినవి

(అ) నియామకమునకు ముందు సంఘ పెద్దలు భర్త లేనప్పుడు ఒక పెద్ద స్త్రీ ద్వారా భార్య అభిప్రాయమును తెలిసికొనవలెను. ఆమె ఏ పనియు చేయనన్నను నియామకము చెడకూడదు.

(ఆ) వివాహమైన మొదటి సంవత్సరము రాత్రి కూటములను, శిబిరములను పెద్దలు పంచుకొనవలెను. ద్వితీయోపదేశకాండపు నియమమును ఈ మాత్రమైనను పాటింపవచ్చును.

(ఇ) వారమున ఒక దినము పరిచారకునికి సెలవు ఉండవలెను. అది సాధ్యమైనంతవరకు భార్యకు తీరిక దొరుకు పూటతో కలియవలెను. రాత్రి ఒక గంట నిర్ణయించి, అటుపిమ్మట అత్యవసరమైన సంగతులకు మాత్రమే తలుపు తట్టుట, ఫోను చేయుట యౌవనస్థులకు నేర్పవలెను. వారును రేపు గృహస్థులగుదురు గనుక ఇది వారికిని పాఠమే.

(ఈ) టీ, ఫలహారముల ఖర్చు సంఘ నిధినుండి నెలనెలా ఆమె చేతికి ఇయ్యవలెను.

(ఉ) యౌవన స్త్రీలతో ఏకాంతముగా మాట్లాడు పని పరిచారకునికి అప్పగింపరాదు. భార్యను అక్కడ కాపలాగా కూర్చుండబెట్టుటయు న్యాయము కాదు. తగిన శిక్షణ పొందిన స్త్రీలను సంఘము ఏర్పరచవలెను. దక్షిణ ఇండియా సంఘములో 1976లో మొదటి స్త్రీ ప్రెస్బితర్ అభిషేకము జరిగినది. 2013లో మన నంద్యాల అధ్యక్ష మండలమునకు ఇ. పుష్పలలితగారు ఆ సంఘపు మొదటి స్త్రీ బిషప్పుగా అభిషేకము పొందిరి. పిలుపుగల స్త్రీకి పదవియు, వేతనమును ఇయ్యవచ్చునని ఇంత స్పష్టమైన తరువాత, పరిచారకుని భార్యనుండి అదే పనిని ఉచితముగా ఆశించుటకు కారణము లేదు.

(ఊ) ఆమెకు కాపరిగా వేరొక సంఘమునకు చెందిన అనుభవముగల స్త్రీని ఏర్పరచవలెను. అక్కడ చెప్పుకొనిన మాట భర్త పై అధికారులకు చేరకూడదు. పరిచారకుడు మరణించిన యెడల భార్యాపిల్లల నివాసమును, పోషణను గూర్చి నియామక పత్రములోనే వ్రాసియుంచవలెను.

ముగింపు

పరమగీతము మొదటి అధ్యాయములో ఇతరుల తోటలకు కావలి కాచి, తన తోటను కాయలేకపోయిన ఒకామె విచారము ఉన్నది. పరిచారకులు ఆ వచనమును తమకు అన్వయించుకొని ప్రసంగించుట మేము విన్నాము, మేమును ప్రసంగించాము. అయితే అది స్త్రీ పలికిన మాట. ఆమెను ఆ కావలికి పెట్టినవారు ఆమె యింటివారే. ఇది మరచి చదివినంతకాలము ఆ వచనము మనకు సగమే అర్థమగును.

ఈ వ్యాసమును చదువు యౌవన పరిచారకులకు మా మనవి ఒక్కటే. నేటి రాత్రి ఇంటికి వెళ్లినప్పుడు, మీరు యౌవనస్థుని ప్రశ్న వినునంత ఓపికగా మీ భార్యను ఒక ప్రశ్న అడగండి: “నీకు ఈ పనిలో ఏది ఇష్టము, ఏది ఇష్టము లేదు?” జవాబు వచ్చువరకు కూర్చుండండి. మొదటి పూట జవాబు రాకపోవచ్చును. మా యింట వెంటనే రాలేదు. వ్రాతప్రతిని మా సతీమణి చదివి, రెండుచోట్ల సరిదిద్ది, ప్రచురించుటకు సమ్మతించినది.